మిడ్ పోతే పోయింది, అటెండెన్స్ పోనివ్వకండి

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ నుంచి ఒక అమ్మాయి రాసిన ఐదు పేజీల ఉత్తరం ఇది. సారాంశం మాత్రమే ఇస్తున్నాం. ఆమె జేఎన్టీయూ కాకినాడ అనుబంధ కాలేజీలో బీటెక్ రెండో సంవత్సరం, మొదటి సెమిస్టర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వీధిలోకి వచ్చినప్పుడు కింది పోర్షన్‌లో ఉన్న వాళ్లిల్లు మునిగింది. కొన్ని రోజులు మేడమీద వాళ్ల దగ్గర, తర్వాత పిన్ని ఇంట్లో గడిపారు. నీళ్లు తీశాక వచ్చి చూస్తే అమ్మ కుట్టుమిషన్, మంచాలు, ఆమె ల్యాప్‌టాప్ బురదలో ఉన్నాయి. నాన్న ఆటో ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయి. ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు ఇంటికే చాల్లేదు, ఆటోకిచ్చిన 10 వేలు రిపేరులో సగానికి కూడా రాలేదు. దాంతో ఆమె వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపులో పనికి చేరింది. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా పని, నెలకు 9 వేలు. మధ్యాహ్నం పీరియడ్లన్నీ పోతున్నాయి. అటెండెన్స్ 62 శాతానికి పడింది. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే ఇంటర్నల్ పరీక్ష) వాయిదా వేసి పెట్టినప్పుడు కూడా జ్వరంతో రాయలేకపోయింది. బీరువా అడుగున పెట్టిన టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"చదువు ఆపేసి వచ్చే ఏడాది చేరితే నయమా? మిడ్ పోయింది, సర్టిఫికెట్లు పోయాయి, ఇంక ఈ సెమిస్టర్ ఉంచుకుని ఏం లాభం? రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, కాలు కిందికి దించి నేల తడిగా ఉందేమో చూసుకుంటున్నాను. నాకు పిచ్చి పడుతోందా?" అని అడుగుతోంది.

సమాధానం:

మీ ఉత్తరంలో మిడ్ గురించి ఒక పేజీ ఉంది, సర్టిఫికెట్ల గురించి పేజీన్నర, ల్యాప్‌టాప్ గురించి అర పేజీ. అటెండెన్స్ గురించి ఒక్క వాక్యం. వరద తర్వాత చాలామంది విద్యార్థులకు ఇదే జరుగుతుంది. కళ్లెదుట తడిసినవాటి మీదే బెంగ ఉంటుంది, చప్పుడు లేకుండా కారిపోయేది కనబడదు. మీరు పోయిందనుకుంటున్న మిడ్, సర్టిఫికెట్లు రెండూ దాదాపుగా తిరిగొచ్చేవే. తిరిగి రానిది అటెండెన్స్ ఒక్కటే. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

మీరు చేరింది 2023లో కాబట్టి మీకు యూనివర్సిటీ ఆర్23 రెగ్యులేషన్స్, అంటే 2023లో చేరినవాళ్ల నుంచి అమలైన నిబంధనలు, వర్తిస్తాయి. కాలేజీ అటానమస్ (సొంత నిబంధనలు పెట్టుకునేది) అయితే అంకెలు కొంచెం మారవచ్చు, మీ రెగ్యులేషన్స్ పుస్తకం ఒకసారి తిరగేయండి. మొత్తం మీద 75 శాతం ఉంటే ఇబ్బంది లేదు. 65కీ 75కీ మధ్య ఉంటే కాలేజీ అకడమిక్ కమిటీ కారణం చూసి, ఫీజు కట్టించుకుని కండోనేషన్, అంటే హాజరు తక్కువైనా మన్నింపు, ఇవ్వొచ్చు. 65 కంటే తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు, ప్రిన్సిపాల్ గారికి ఎంత జాలి ఉన్నా సరే. అదే డిటెన్షన్. ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి, అది మళ్లీ వచ్చేది ఏడాదికి.

ఇప్పుడు మీ లెక్క. ఇప్పటికి 300 పీరియడ్లు జరిగితే మీరు 186కు వెళ్లారు. సెమిస్టర్ ముగిసేలోగా ఇంకో 200 ఉంటాయనుకుందాం.

షాపు ఇలాగే చివరిదాకా కొనసాగితే రోజుకు ఏడింటిలో నాలుగు పీరియడ్లే దక్కుతాయి, అంటే 200కు 114. మొత్తం 300 అవుతుంది, సరిగ్గా 60 శాతం. డిటెన్షన్.

దీపావళి దాకా మాత్రం చేసి మానేశారనుకోండి. అప్పటికి మరో 27 పీరియడ్లు పోతాయి. ఆ తర్వాత ఒక్కటీ వదలకపోతే 359 అవుతాయి, 71.8 శాతం. కండోనేషన్ అడగొచ్చు, కానీ నవంబరులో మళ్లీ జ్వరం వస్తే తట్టుకునే జాగా తక్కువ.

రేపటినుంచే పూర్తిగా వెళితే గరిష్ఠంగా 386, అంటే 77.2. అందులో 11 పీరియడ్లు పోగొట్టుకున్నా సరిగ్గా 75 ఉంటుంది. అంటే దాదాపు రోజున్నర సెలవు మీ చేతిలో ఉంది, అంతే.

మరో మెలిక ఉంది. మొత్తం శాతం చూసుకుని చాలామంది సబ్జెక్టువారీగా చూసుకోరు. ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 40 శాతం ఉండాలి. మధ్యాహ్నాలు మానేసేవాళ్లకు దెబ్బ తగిలేది ల్యాబుల్లోనే, ఎక్కువ కాలేజీల్లో ల్యాబులు మధ్యాహ్నమే పెడతారు. వారానికి ఒకటే ల్యాబు, ఐదారు వారాలు పోతే మొత్తం 70 ఉన్నా ఆ ఒక్క ల్యాబులో 35 ఉండొచ్చు. సోమవారం ఆఫీసులో మొత్తం శాతం కాదు, సబ్జెక్టువారీ షీటు అడగండి. ఏ ల్యాబు వెనకబడిందో చూసి, ఆ ల్యాబు ఇంకో బ్యాచ్‌తో చేయనిస్తారేమో సంబంధిత సార్‌ని అడగండి. అబ్జర్వేషన్ పుస్తకం నీళ్లలో పోయింది కాబట్టి స్నేహితురాలిది జెరాక్స్ తీసుకుని, మీరు నిజంగా చేసిన ప్రయోగాల వరకు రికార్డు తిరిగి రాయండి.

కండోనేషన్ కావాల్సి రావచ్చు కాబట్టి ఇప్పుడే కాగితం పెట్టండి. సెమిస్టర్ చివర్లో అందరూ మెడికల్ సర్టిఫికెట్లు పట్టుకుని వరుసలో నిలబడతారు, అప్పుడు మీ వరద కూడా వాటిలో ఒకటిగా కనబడుతుంది. ప్రిన్సిపాల్ గారికి, హెచ్ఓడీ (మీ బ్రాంచి అధిపతి) ద్వారా, ఒక పేజీ చాలు: ఇల్లు ఏ రోజు మునిగింది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాలేకపోయారు, జ్వరం ఎప్పుడు వచ్చింది. దానికి వరద పరిహారం జమైన బ్యాంకు ఎంట్రీ, సచివాలయంలో మీ ఇంటిని నమోదు చేసిన వివరం, డాక్టర్ చీటీ, ఫోన్‌లో తేదీతో ఉన్న రెండు మూడు ఫొటోలు జత చేయండి. బట్టల షాపు సంగతి ఆ కాగితంలో రాయకండి, కానీ నోటితో అడిగితే దాచకండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని రండి. ఆ ముద్ర లేకపోతే మూడు నెలల తర్వాత 'మాకేమీ అందలేదే' అన్న మాట వినాల్సి వస్తుంది. ఇంకో మాట కూడా అడగండి: మీ ప్రాంతం నీళ్లలో ఉన్న రోజుల్లో కాలేజీ క్లాసులు నడిపిందా, నడిపితే ఆ రోజుల్ని ముంపు ప్రాంతాల పిల్లలకు ఎలా లెక్కిస్తున్నారు? మీ క్లాసులో పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు పిల్లలు ఇంకొందరు ఉండే ఉంటారు. నలుగురైదుగురు కలిసి అడిగితే ఒక్కరు అడిగినట్టు ఉండదు.

ఇక డబ్బు. 9 వేలు మీ ఇంటికి ఇప్పుడు చిన్న మొత్తం కాదు, 'చదువే ముఖ్యం, పని మానేయ్' అని ఇక్కడ కూర్చుని చెప్పడం తేలిక. పండగ సీజన్‌లో సాయంత్రం 5 తర్వాతే కొనేవాళ్లు ఎక్కువగా వస్తారు. 5 నుంచి 9.30, ఆదివారాలు పూర్తిగా వస్తానని యజమానితో మాట్లాడండి. జీతం ఐదారు వేలకు తగ్గవచ్చు. తేడా మూడు నాలుగు వేలు. దానికి ఎదురుగా పెట్టాల్సిన అంకె ఏంటంటే, డిటైన్ అయితే మళ్లీ చదివే కాలానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ మామూలుగా రెండోసారి ఇవ్వరు. ఆ ఫీజు మీ నాన్న జేబులోంచే రావాలి, పైగా ఉద్యోగం ఏడాది ఆలస్యం. రీయింబర్స్‌మెంట్‌కు కూడా 75 శాతం హాజరు నిబంధన ఉంది, కండోనేషన్ వచ్చినా మీ కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో దాని సంగతి విడిగా కనుక్కోండి.

ఈ రెండు లెక్కలూ ఒక కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టండి. ఆయన మీతో మాట్లాడటం తగ్గించారని రాశారు. కూతురి జీతంతో ఇల్లు గడుస్తోందన్నది ఆయన్ని తినేస్తూ ఉండవచ్చు. 'నాన్నా, నేను పని మానేస్తా' అంటే ఒకలా వినబడుతుంది. 'నాన్నా, టైము మార్చుకుంటే మూడువేలు తగ్గుతాయి, మార్చుకోకపోతే ఏడాది పోతుంది, ఏం చేద్దాం?' అంటే ఆయన్ని మళ్లీ ఇంటి పెద్దగా కూర్చోబెట్టినట్టు ఉంటుంది. పనిలో పనిగా ఆటో ఇన్సూరెన్స్ కాగితం చూడమనండి. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే నీళ్ల నష్టానికి ఏమీ రాదు. 'ఓన్ డ్యామేజ్' అని ఉంటే మాత్రం ఆలస్యమైనా కంపెనీకి రాసి అడగడమే మంచిది. ఫైనాన్స్ మీద తీసుకున్న బండి అయితే వాయిదాలు వెనక్కి జరపమని రాతపూర్వకంగా అడగాలి. ఫోన్‌లో లోన్ యాప్‌లు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, తమ్ముడితో సహా.

'ఆపేసి వచ్చే ఏడాది చేరితే' అన్న మీ ప్రశ్నను తప్పని అనను. మనసు, ఒళ్లు రెండూ సహకరించనప్పుడు ఆగడం కూడా ఒక దారే. కానీ అందులో ఏముందో తెలిసి ఆగండి. ఊరికే మానేస్తే డిటెన్షన్ కిందే పడుతుంది. ఆపాలనుకుంటే ముందే కాలేజీకి రాసి, వచ్చే ఏడాది రీఅడ్మిషన్‌కు ఏం కావాలో లిఖితంగా తెలుసుకోవాలి. డిగ్రీ పూర్తి చేయడానికి చేరిన నాటినుంచి ఎనిమిదేళ్ల గడువు ఉంది, కాబట్టి ఒక ఏడాది పోయినంత మాత్రాన డిగ్రీ పోదు. ఆర్23లో గ్యాప్ ఇయర్ అనేది ఒకటుందని ఎవరైనా చెప్తే, అది రెండో సంవత్సరం అయ్యాక, సొంత సంస్థ పెట్టుకునేవాళ్ల లాంటి వారి కోసం. మీకు ఇప్పుడు పనికిరాదు. నా ఉద్దేశంలో 62 శాతం దగ్గర, ఇంకా 200 పీరియడ్లు చేతిలో ఉండగా ఆపడం తొందరపాటు. నవంబరు మధ్యలో లెక్క మళ్లీ చూసుకోండి. అప్పటికి 65 అందే దారి మూసుకుపోతే ఆపే సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

మిడ్ గురించి అంత ఏడవాల్సింది లేదమ్మా. రెండు మిడ్లలో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. మొదటిదానిలో సున్నా అనుకున్నా, రెండోదానిలో 30కి 25 తెచ్చుకుంటే ఇంటర్నల్ 20 వస్తుంది. అంటే రెండు మిడ్లూ ఒకేలా రాసేవారనుకుంటే, మొదటిది పూర్తిగా పోవడం వల్ల మహా అయితే 6 మార్కులు నష్టం. పాస్ కావడానికి, సెమిస్టర్ చివరి పరీక్ష అయిన ఎక్స్‌టర్నల్‌లో 70కి కనీసం 25, రెండూ కలిపి 40 కావాలి. ఇంటర్నల్ 20 ఉంటే ఎక్స్‌టర్నల్ కనీస మార్కులతోనే గట్టెక్కుతారు. ఒకవేళ రెండు సబ్జెక్టులు పోయినా సప్లిమెంటరీ ఉంది. ఇంకా చెప్పాలంటే, మూడో సంవత్సరంలోకి వెళ్లడానికి మూడో సెమిస్టర్ (ఇప్పుడు మీరున్నది) వరకు ఉన్న క్రెడిట్లలో, అంటే సబ్జెక్టులు పాసైతే వచ్చే పాయింట్లలో, 40 శాతం చాలు. మొదటి ఏడాది అన్నీ పాసయ్యానన్నారు, అంటే సుమారు 60లో 40 దాకా ఇప్పటికే మీ ఖాతాలో ఉన్నాయి, కావాల్సింది 24. పరీక్షలో తప్పితే ఆ సబ్జెక్టు ఒక్కటే మళ్లీ రాస్తారు, అటెండెన్స్‌లో తప్పితే సెమిస్టరంతా మళ్లీ చదవాలి. నిద్ర లేక తల తిరుగుతున్న రోజున కూడా ఇంట్లో కూర్చుని చదవడం కంటే క్లాసులో వెనక బెంచీలో కూర్చోవడమే మీకు ఈ సెమిస్టర్‌లో లాభం.

సర్టిఫికెట్లు. అమ్మగారు మేడ మీద ఎండలో ఆరబెట్టారన్నారు, ఇకమీదట ఎండలో వద్దు. కాగితం వంకర తిరుగుతుంది, సంతకాల సిరా వెలిసిపోతుంది. ఇస్త్రీ అసలు వద్దు. అంటుకున్న రెండింటినీ గోటితో లాగారో, ముద్ర ఉన్న పొర ఇంకోదానికి అంటుకుని వచ్చేస్తుంది. ముందు ఎలా ఉన్నవి అలాగే రెండు వైపులా ఫొటో తీయండి. బాగా ఎండి అతుక్కున్నవాటిని పళ్లెంలో చల్లని శుభ్రమైన నీళ్లు పోసి, కింద పాలిథిన్ షీటు ఆధారంగా ఉంచి కాసేపు నాననిస్తే వాటంతట అవే కొంత వదులుతాయి. కానీ ముందు సంతకం చివర తడి దూది అద్ది చూడండి, సిరా దూదికి అంటితే నీళ్లలో పెట్టొద్దు, అలాగే వదిలేయండి. విడిపోయినవాటిని తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఫ్యాను గాలికి, గంట గంటకూ కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. న్యూస్‌పేపర్ వాడితే దాని సిరా దీనికి దిగుతుంది. నల్లగా బూజు పట్టినచోట పూర్తిగా ఆరాక, బయట, ముక్కుకు మాస్కు కట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి. లామినేట్ చేసిన టెన్త్ మెమో లోపలికి నీళ్లు దిగితే బయటికి పోయే దారి ఉండదు, లోపలే బూజు పెరుగుతుంది. అక్షరాలు లేని అంచు ఒకటి సన్నగా కత్తిరిస్తే ఆరుతుంది. మళ్లీ లామినేషన్ చేయించొద్దు.

ముక్కలైనా పారేయకండి. పోయిన సర్టిఫికెట్‌కు పోలీసు ఫిర్యాదు, అఫిడవిట్ వంటివి అడుగుతారు. పాడైన సర్టిఫికెట్‌కు ఆ పాడైన కాగితమే సాక్ష్యం. టెన్త్‌ది చదివిన స్కూలు హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి, ఇంటర్‌ది కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా ఇంటర్మీడియట్ బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు సచివాలయంలో మళ్లీ తీసుకోవచ్చు. ఇవన్నీ వచ్చేలోగా ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పత్రాల ఖాతా డిజీలాకర్‌లో టెన్త్, ఇంటర్ మెమోలు దించుకోండి. అందులో జారీ అయిన పత్రాలకు 2017 నుంచి చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. సాధారణంగా తిప్పలు రెండుచోట్ల వస్తాయి: ఆధార్‌కు లింకైన సిమ్ వరదలో పోవడం, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగానూ మెమోలో పొడి అక్షరంగానూ ఉండటం. మొదటిదానికి ముందు అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తెచ్చుకోండి. స్కాలర్‌షిప్ వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ చూపించమన్నారు కదా, తడిసినవి, డిజీలాకర్ ప్రింటు, డూప్లికేట్‌కు పెట్టిన దరఖాస్తు రసీదు మూడూ కలిపి చూపించండి. అడ్మిషన్ నాటి జెరాక్స్‌లు కాలేజీ ఫైలులో ఉంటాయి, వాటి కాపీ కూడా అడగొచ్చు.

ఇప్పుడు రాత్రి రెండు గంటల సంగతి. మీకు పిచ్చి పట్టలేదు. నీళ్లు వచ్చింది మీరు నిద్రలో ఉన్నప్పుడు, మంచం మీంచి కాలు దించితే తగిలాయి అని మీరే రాశారు. ఆ కాలు ఇంకా కాపలా కాస్తోంది. మొదటి నెలలో ఇలాంటిది చాలామందికి ఉండి తగ్గిపోతుంది. మీకు ఏడు వారాలు దాటింది, వాన పడితే క్లాసులో ఒక్క ముక్క వినబడటం లేదంటున్నారు, ఇంటి వెనక గదిలోకి అసలు వెళ్లడం లేదు. అందుకే దీన్ని 'అదే పోతుందిలే' అని వదలొద్దంటాను. 2005లో కత్రినా తుపానుకు ముందే అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో కమ్యూనిటీ కాలేజీల్లో చేరిన తక్కువ ఆదాయపు తల్లులను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువమంది మునుపటి స్థితికి వచ్చేశారు. కానీ దాదాపు ఆరుగురిలో ఒకరికి 12 ఏళ్ల తర్వాత కూడా ఆ లక్షణాలు పోలేదు. మీరు ఏ గుంపులో ఉంటారో ఇప్పుడే చెప్పలేం, ముందుగా చూపించుకుంటే నష్టం మాత్రం లేదు.

14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి రెండింటికి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. 'వరద తర్వాత నిద్ర పట్టడం లేదు, వాన శబ్దానికి గుండె దడ' అని ఆ ఒక్క వాక్యంతో మొదలుపెడితే చాలు, అవసరమైతే దగ్గర్లో సైకియాట్రిస్టు దగ్గరికి వాళ్లే పంపుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ క్షణమే చేయండి, అమ్మను లేపండి. నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

ఈలోగా ఇంట్లో చేయగలిగినవి. చిన్న బెడ్‌లైటు వేసి పడుకోండి, కాలు దించకుండానే నేల కనబడుతుంది. కాగితాలు, చార్జర్, టార్చి, మందులు ఒక సంచిలో అటక మీద ఉంచండి, ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ చెప్పండి. వాన పడినప్పుడు ఫోన్‌లో పాత వరద వీడియోలు చూడటం మానేసి, విపత్తు నిర్వహణ సంస్థ హెచ్చరిక ఒక్కటి చూసి పక్కన పెట్టండి. క్లాసులో దడ మొదలైతే ఊపిరి నాలుగు అంకెలు లెక్కిస్తూ లోపలికి, ఆరు అంకెలు లెక్కిస్తూ బయటికి వదలండి, అరికాళ్లను చెప్పుల్లో గట్టిగా ఆనించి పొడి నేల మీద ఉన్నాయని గమనించండి. వినడానికి చిన్నగా ఉన్నా, అది మీ కాలు రాత్రి అడుగుతున్న ప్రశ్నకే జవాబు. చదవడం 25 నిమిషాలకు మించి ఒక్కసారి పెట్టుకోకండి. నిద్ర లేనప్పుడు రెండు గంటలు కూర్చున్నా బుర్రలో నిలిచేది అంతే.

ల్యాప్‌టాప్ ఇంకా స్విచ్ వేయలేదు కదా, వేయకండి, చార్జర్ కూడా పెట్టొద్దు. బియ్యంలో పెట్టడం వల్ల ఏమీ కాదు, నీళ్లు ఆరినా బురద లోపలే ఉంటుంది. రిపేరు షాపులో ముందు అడగాల్సింది 'బాగవుతుందా' అని కాదు, 'లోపలి డిస్కు తీసి ఇవ్వండి' అని. అది ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) అయితే శుభ్రం చేయించి వేరే సిస్టమ్‌కు తగిలిస్తే మీ ఫైళ్లు దొరికే అవకాశం ఉంది. తిరిగే పళ్లేల హార్డ్ డిస్కు అయితే మామూలు షాపులో తెరవనివ్వద్దు. అందులో మీకు కావాల్సింది మొదటి ఏడాది నోట్సే అయితే దాని మీద వేలు పోయకండి, స్నేహితుల దగ్గర కాపీ ఉంటుంది. కొత్తది ఈఎంఐ మీద కొనే ఆలోచన జనవరి దాకా పక్కన పెట్టి, కాలేజీ ల్యాబులో సాయంత్రం 5 దాకా సిస్టమ్ వాడుకోనివ్వమని హెచ్ఓడీని అడగండి. ఎలాగూ కాగితం ఇవ్వడానికి హెచ్ఓడీ గదికి వెళుతున్నారు.